థాంక్యూ, విల్హో

మా కొట్టంలో హాకీ ఆట ఉన్న ప్రతి సాయంత్రం మేమంతా కలిసి మూడుసార్లు ఒక చచ్చిపోయిన మనిషికి థాంక్యూ చెప్పేవాళ్ళం. ఒకటీ రెండేళ్ళు కాదు, పదేళ్ళ పైమాటే. పొరుగూరి జట్లతో వచ్చినవాళ్ళు అది విని మొహమొహాలు చూసుకునేవాళ్ళు. చూసుకోనీ అనుకునేదాన్ని. ఎవరి ఇంటి సంగతి వాళ్ళది.

కొట్టం అంటే మా కాపర్ ఫోర్క్ కాలేజీ వాళ్ళ ఐస్ హాకీ స్టేడియం. గోడ మీద రాతిపలకలో దానికో గంభీరమైన పేరు చెక్కి ఉంది గానీ, ఆ పేరు వాడినవాణ్ణి నేను చూళ్ళేదు. రాగి గనులు మూతపడ్డ చలికాలంలో మా తాతలు పైన్ దూలాలతో కట్టారు. పైకప్పు కేసి చూస్తే అచ్చం గొడ్లకొట్టమే, అందుకని ఆ పేరే ఖాయమైంది. ఆటగాళ్ళు మంచు మీదకి దిగేముందు గుమ్మం పక్క దూలాన్ని చేత్తో తట్టాలి. మావాళ్ళు మొదటి గోల్ కొట్టగానే పై వరసల్లోంచి ఎవరో ఒకరు సరస్సు చేపనొకదాన్ని మంచు మీదకి విసరాలి. గోల్ తిన్న అవతలి కీపర్ని జనమంతా వేలు చూపించి "జల్లెడ! జల్లెడ!" అని ఏడిపించాలి. ఇవన్నీ ఎందుకండీ అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకేమిటి, మా తాతలు చేశారు, మేం చేస్తున్నాం.

ఈ థాంక్యూ సంగతి మాత్రం అలా కాదు. అదెలా మొదలైందో నాకు బాగా తెలుసు, నేను దాని పక్కనే కూచున్నాను. నా పేరు వెర్నా. కొట్టంలో ఆట గడియారం నడిపేది నేనే. మంచుకి ఆనుకుని, అద్దం వెనకాల, ఇరుకైన చెక్క గది ఒకటుంది. అందులో రెండు కుర్చీలు. ఒకటి నాది, రెండోది మైకు ముందు కూచునే మనిషిది.

ఆ రెండో కుర్చీ నేను వచ్చేనాటికే విల్హో రౌతియోది. గోల్ ఎవరు కొట్టారు, తప్పు ఎవరు చేశారు, ఎవరిని బయట కూచోబెట్టారు, అన్నీ ఆయన నోటితోనే వినాలి. ఫిన్లాండు నుంచి వచ్చిన తాతముత్తాతల యాస నాలిక మీద అలాగే ఉండిపోయింది, ప్రతి 'ర'కారాన్నీ దొర్లించి దొర్లించి వదిలేవాడు. మాట్లాడే ముందు ఎడమ చెవి తమ్మెని ఒకసారి లాక్కునేవాడు. ఎప్పుడూ బుగ్గలో ఉప్పగా ఉండే నల్ల బిళ్ళ ఒకటి. ఆయన భార్య సైమా సరిగ్గా మా గది వెనక మొదటి వరసలో కూచునేది. వెనక చిన్న కిటికీ తలుపు తీసి కాఫీ అందించేది.

ఆటలో మూడు పీరియడ్లు. ప్రతి పీరియడ్ చివర్లోనూ మైకు మనిషి చెప్పి తీరాల్సిన మాట ఒకటుంది. "ఈ పీరియడ్‌లో ఇంకొక్క నిమిషం మిగిలింది." విల్హో ఆ మాట అనగానే కాలేజీ పిల్లలు సరదాకి "థాంక్యూ, విల్హో!" అనడం మొదలెట్టారు. పిల్లల్ని చూసి పెద్దలూ అందుకున్నారు. ఆయన మైకు కట్టేసి, నాకు మాత్రం వినబడేలా "పర్లేదులే" అని గొణిగేవాడు. లోపల మురిసిపోయేవాడు, మొహం మాత్రం గంటు పెట్టుకునేవాడు.

ఒక శనివారం చివరి పీరియడ్‌లో ఆ మాట అన్నాడు. జనం థాంక్యూ అన్నారు. మైకు కట్టేశాడు గానీ "పర్లేదులే" అనలేదు. తల వంచి బల్ల మీది కాగితం చూస్తున్నాడనుకున్నాను. నా కళ్ళు గడియారం మీద ఉన్నాయి, ఉండాలి కూడా. ఆట అయిపోయి హారన్ మోగాక భుజం పట్టుకుని కుదిపితే అప్పుడు తెలిసింది. వెనక కిటికీలోంచి సైమా కాఫీ కప్పు పట్టుకుని "తీసుకోవేం? చల్లారిపోతోంది" అంటోంది.

ఇంతా చెప్పాను గానీ నేను చెప్పదలుచుకున్నది విల్హో గురించి కాదు. ఆయన తరవాత ఆ కుర్చీలో కూచున్న ఆంబ్రోస్ ట్రెంబాత్ గురించి.

ఆంబ్రోస్‌ని మీరు చూసుంటే ఒక నిమిషంలో మర్చిపోయేవారు. భారీ మనిషే, కానీ ఎక్కడ నిలబడితే అక్కడ గోడలో కలిసిపోయేవాడు. వాళ్ళ తాత ఇంగ్లండులో కార్న్‌వాల్ నుంచి గని పనికి వచ్చాడు, తండ్రి గనిలోనే ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు, ఆంబ్రోస్ మాత్రం కలప అడితిలో చేరాడు. అడితిలో మైకులో "రెండో షెడ్డుకి పలకలు" అని పిలవడం అతని పని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకయ్యా అంటే, "అడుగుదామనుకున్న అమ్మాయికి నా పేరు గుర్తుండలేదు" అనేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. అతనూ నవ్వేవాడు. అందులో నవ్వడానికేమీ లేదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

బడిలో టీచరు హాజరు పిలుస్తూ ఆంబ్రోస్ పేరు దాటేసిందని, సాయంత్రం దాకా ఎవరూ గమనించలేదని వాడి అక్క చెప్పేది. అడితిలో యజమాని పాతికేళ్ళపాటు వాణ్ణి "ఆండ్రూ" అని పిలిచాడు. వాడు దిద్దలేదు. అలాంటి మనిషి. పాస్టీ తినేటప్పుడు మాత్రం పట్టుదల. పాస్టీ అంటే మాంసం, దుంపలు కూరి కాల్చిన పెద్ద కజ్జికాయ అనుకోండి. దాని మీద టమాటా సాస్ తప్ప ఇంకేం పొయ్యకూడదని, మాంసం పులుసు పోసుకునేవాళ్ళు మనుషులే కారని వాడి వాదం. విల్హో పులుసు పక్షం. ఆటకి ముందు ఇద్దరూ దానిమీద కొట్టుకునేవాళ్ళు.

విల్హో పోయిన వారానికి ఆట ఉంది, మైకు పట్టేవాడు లేడు. "ఈ ఒక్కరోజుకి నువ్వు కూచోవయ్యా" అని నేనే అడితికి వెళ్ళి ఆంబ్రోస్‌ని లాక్కొచ్చాను. బెరుకుబెరుకుగా మైకు దగ్గరికి లాక్కున్నాడు పాపం. అయినా గొంతు బాగుంది, సన్నగా, శుభ్రంగా. మొదటి పీరియడ్ చివర కార్డు చూసి చదివాడు. "ఈ పీరియడ్‌లో ఇంకొక్క నిమిషం మిగిలింది."

కొట్టం అంతా లేచి నిలబడింది. "థాంక్యూ, విల్హో!"

అది అరుపు కాదు, ఏడుపు. ఆటగాళ్ళు కర్రలు కింద పెట్టేశారు. సైమా మొహం చేతుల్లో దాచుకుంది. నేను ఏడ్చాను, ఆంబ్రోస్ నాకంటే ఎక్కువ ఏడ్చాడు. ఆ రోజుకి అది అవసరమే. అక్కడితో ఆగితే బాగుండేది. తరవాతి ఆటకీ అదే అన్నారు, ఆ పై ఆటకీ అదే. మా ఊళ్ళో ఒకసారి చేసింది ఇంకోసారి చేశామంటే ఇక అది మానడం ఎవరి తరమూ కాదు. విల్హో గొంతు ఎన్నడూ వినని పిల్లలు కాలేజీలో చేరారు, వాళ్ళూ అందుకున్నారు. ఒక్కరోజు అన్న ఆంబ్రోస్ ఆ కుర్చీలోనే ఉండిపోయాడు.

రెండో ఏడు కాబోలు, ఆటకి ముందు గదిలో ఇద్దరమే ఉన్నాం. వాడు పాస్టీ పొట్లం విప్పుతూ ఉన్నట్టుండి అన్నాడు.

"వెర్నా, ఒక్కమాట అడుగుతాను, నవ్వకూడదు."

"నవ్వొచ్చేదైతే నవ్వుతాను. అడుగు."

"వీళ్ళు ఒక్కసారి నా పేరు అంటే బాగుణ్ణు. ఒక్కసారి చాలు. తరవాత మళ్ళీ ఆయన పేరే అనుకోమను, నాకేం బాధ లేదు."

నాకు నవ్వు రాలేదు. "అయితే మైకులో చెప్పు, 'ఇదిగో నేను ఆంబ్రోస్‌ని' అని."

"ఛ, అడుక్కున్నట్టుండదూ?"

"ఉంటుంది. అడుక్కో, ఏం పోయింది?"

చెప్పాడు చివరికి. ఆట మొదలయ్యేటప్పుడు, "ఈ సాయంత్రం మీతో మాట్లాడుతున్నది ఆంబ్రోస్ ట్రెంబాత్" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, బ్యాండువాళ్ళు డప్పు వాయించారు. నిమిషం మాట వచ్చేసరికి మళ్ళీ "థాంక్యూ, విల్హో!" నేను ఊరుకోలేదు. ఆ పై వారం మా ఆయన్నీ, మా పేటవాళ్ళనీ ఒక మూలన కూచోబెట్టి, "ఆంబ్రోస్ అని గట్టిగా అరవండి, లేకపోతే ఇంటికి రాకండి" అని చెప్పి పంపాను. వాళ్ళు అరిచారు కూడా. మూడువేల గొంతుల్లో ఆ నాలుగు గొంతులు ఎక్కడ వినిపిస్తాయి? మా ఆయన అయితే అలవాటు కొద్దీ విల్హో అనే అన్నాట్ట. ఆ రాత్రి ఆయనకి వండి పెట్టలేదు, రొట్టెముక్కతో సరిపెట్టాను.

ఆంబ్రోస్ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కానీ ప్రతి పీరియడ్ చివరా ఆ మాట చెప్పి, మైకు కట్టేసి, ఒక్క క్షణం చెవి రిక్కించేవాడు. నేను పక్కనుంచి చూసేదాన్ని. ఆ క్షణం నాకు భరించడం కష్టంగా ఉండేది.

సైమా అప్పటికీ అదే చోట కూచునేది. ఆమెకి ఆ మూడు అరుపులే తిండి. అవి విన్నాక లేచి ఇంటికి వెళ్ళేది, మళ్ళీ వారం దాకా బతికేది. వెనక కిటికీలోంచి కాఫీ ఇవ్వడం కూడా మానలేదు. ఆంబ్రోస్ మొహమాటానికి తాగేవాడు. ఒకరోజు ఆదివారం ఇంటికి రమ్మంది, వెళ్ళాడు. ఆ తరవాత ప్రతి ఆదివారమూ వెళ్ళేవాడు. మంచిదే, ఒంటి మనుషులిద్దరూ మాట్లాడుకుంటున్నారు అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఒక ఆదివారం పొద్దున్న చర్చి నుంచి వస్తూ, సైమా గిన్నె ఒకటి నా దగ్గరుండిపోతే ఇచ్చేద్దామని వాళ్ళ వరండా ఎక్కాను. మంచి ఎండ, మంచు కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. లోపల వంటింట్లో విల్హో మాట్లాడుతున్నాడు.

"ఈ ఏడు కట్టెలు సరిగ్గా ఎండలేదు సైమా. పొగ వస్తోంది చూడు."

గిన్నె నా చేతిలోంచి జారిపోయింది. ఆ 'ర'కారం, ఆ సాగదీత, మాటకీ మాటకీ మధ్య బిళ్ళ చప్పరింపు, ఆయనే. తలుపు తోసుకు వెళ్ళాను. బల్లకి అటువేపు సైమా కళ్ళు మూసుకుని కూచుని ఉంది. ఇటువేపు విల్హో కుర్చీలో ఆంబ్రోస్. నన్ను చూసి తప్పు చేసిన పిల్లాడిలా ఉలిక్కిపడ్డాడు.

"ఏమిటిది?" అన్నాను.

"ఏం లేదు వెర్నా," అన్నాడు, తన గొంతుతోనే. "ఆవిడ అడిగింది. కట్టెల గురించి ఒక ముక్క అనమంది. అంతే."

"సైమా, నీకేమైనా పిచ్చి పట్టిందా? బతికున్న మనిషిని పట్టుకుని..."

సైమా కళ్ళు తెరిచింది. "నీకేం తల్లీ, సాయంత్రమయ్యేసరికి ఇంట్లో మొగుడు గురకపెడుతుంటాడు. నాకు ఈ ఇంట్లో గోడలు తప్ప ఏమున్నాయి? వాడేం చచ్చిపోతున్నాడా? నాలుగు మాటలు. వారానికి నాలుగు మాటలు!"

"వాడి మాటలు వాణ్ణి అననివ్వచ్చుగా?"

"పోనీలే వెర్నా," అన్నాడు ఆంబ్రోస్. "నాకు మాత్రం సొంతంగా చెప్పేందుకు ఏమున్నాయి గనక."

ఆ మాటకి నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. దాని కింద భయం కూడా ఉంది. గిన్నె ముక్కలు ఏరుకుని వచ్చేశాను. ఆ తరవాత సైమాతో ఆ చలికాలమంతా మాట్లాడలేదు.

అప్పట్నుంచి వాణ్ణి కనిపెడుతూ ఉన్నాను. నేను చూసింది చూసినట్టు చెప్తాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ముందు మైకులో గొంతు మారింది. వాడు కావాలని మార్చలేదు. అసలు మారిందని వాడికే తెలీదు. తరవాత చెయ్యి ఎడమ చెవి తమ్మె దగ్గరికి పోవడం మొదలైంది. ఒకరోజు గదిలోకి అడుగు పెడితే ఆ నల్ల బిళ్ళల వాసన గుప్పుమంది. "ఇవెప్పట్నుంచి తింటున్నావయ్యా, నీకు కడుపులో తిప్పుతుందన్నావుగా?" అన్నాను. వాడు జేబులోంచి పొట్లం తీసి తిప్పితిప్పి చూశాడు. "నేను కొన్లేదే" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు వాడు.

ఇంకో రోజు పాస్టీ మీద పులుసు పోసుకున్నాడు. నేను చూస్తూ కూచున్నాను. ఒక్క ముక్క వదలకుండా తినేశాడు.

అన్నిటికంటే నన్ను ఒణికించింది ఇంకోటుంది. విల్హో నన్ను పేరుతో పిలిచేవాడు కాదు, "గడియారమ్మా" అనేవాడు. గదిలో మా ఇద్దరి మధ్యే ఆ మాట, సైమాకి కూడా తెలీదు. ఒక శుక్రవారం రెండో పీరియడ్‌లో, మైకు కట్టేసి ఉంది, ఆంబ్రోస్ మంచు కేసి చూస్తూ అన్నాడు.

"గడియారమ్మా, ఎంతుంది?"

నా వేలు మీట మీదే బిగుసుకుపోయింది. వాడి కేసి తిరగడానికి ధైర్యం చాల్లేదు. "ఆంబ్రోస్" అన్నాను. పలకలేదు. "ఆంబ్రోస్!" అన్నాను ఇంకా గట్టిగా. అప్పుడు ఇటు తిరిగి, "ఆఁ, నన్నా?" అన్నాడు. మామూలు మొహమే, మామూలు నవ్వే. ఇంటికి వెళ్ళి మా ఆయనకి చెప్తే, "ఎప్పుడో విల్హో అంటుండగా విని ఉంటాడు" అన్నాడు. అయ్యుండొచ్చు. నేనూ నాకు అలాగే చెప్పుకున్నాను.

అడితిలో పని మానేశాక వాడికి కొట్టం, సైమా ఇల్లు తప్ప వేరే లోకం లేకపోయింది. వాళ్ళక్క పోయింది. అంటే వాణ్ణి వాడి పేరుతో పిలిచే మనుషుల్లో నేనే మిగిలాను. నేను పనిగట్టుకుని మాటమాటకీ పిలిచేదాన్ని. ఆంబ్రోస్ ఇది, ఆంబ్రోస్ అది, ఆంబ్రోస్ తలుపు వెయ్యి. ఒక్కోసారి మొదటి పిలుపుకే పలికేవాడు. ఆ రోజు నాకు పండగలా ఉండేది.

పోయిన చలికాలంలో వాడి గొంతులో ఏదో గడ్డ లేచింది. పట్నంలో పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్ష చేసి, గొంతుపెట్టె మొత్తం తీసెయ్యాలన్నాడు. బతుకుతాడు, మాట మాత్రం ఉండదు. ఈ ఏడు మా కొట్టంలో జరిగే ఆఖరి ఆట అయ్యాక ఆపరేషన్ పెట్టించుకుంటానని ఆంబ్రోస్ బతిమాలాడు. తిరిగొస్తుంటే కార్లో చాలాసేపు కిటికీలోంచి సరస్సు కేసి చూస్తూ కూచుని, అడితి రోజుల నాటి సన్నగొంతుతో అన్నాడు.

"వెర్నా, ఇక అనరు కదా?"

"ఏమిటి?"

"నా పేరు."

ఎన్నేళ్ళయింది వాడు ఆ మాట ఎత్తి. నేను పక్కకి తీసి కారు ఆపేశాను, ఏడుపు ఆగక. వాడింకా లోపలెక్కడో ఉన్నాడని, ఇంకా అదే అడుగుతున్నాడని అప్పుడు తెలిసింది. ఏమైనా సరే ఆ ఒక్కటీ జరిపించి తీరాలనుకున్నాను.

కాలేజీ బ్యాండుకి నాయకురాలు గ్రేటా అనే అమ్మాయి. డప్పు భుజాన తగిలించుకుని మూడువేల మందినీ ఒక్క చేత్తో లేపి కూచోబెట్టగలదు. నేరుగా వాళ్ళు సాధన చేసే చోటికి వెళ్ళి సంగతంతా చెప్పాను.

"ఒక్క నిమిషం ఆంటీ," అంది నోరు తెరిచి. "మైకులో మాట్లాడేది విల్హో కాదా?"

"విల్హో పోయి పదేళ్ళు దాటింది తల్లీ."

"మేమంతా ఆయన పేరే విల్హో అనుకుంటున్నాం! నాలుగేళ్ళుగా నేను ఆ పేరే..." ఆ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఆఖరి పీరియడ్‌లో చూడండి ఆంటీ. కప్పు లేచిపోవాలి. కానీ ఆయన భార్య ఉందన్నారుగా, ఆవిడ ఒప్పుకోవాలి కదా?"

ఆ పిల్ల బుద్ధికి మెచ్చుకున్నాను. సైమా దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ముసలిదైపోయింది, చేతికర్ర వచ్చింది. నేను పోట్లాటకి సిద్ధపడే వెళ్ళాను. గ్రేటా చెప్పినదంతా వింది సైమా.

"వాడు నన్ను ఏనాడూ కాదనలేదు," అంది చివరికి. "నేను అడిగిన ప్రతి మాటా అన్నాడు. చెప్పొద్దూ, ఈ మధ్య నేను అడగనివి కూడా అంటున్నాడు. మా పెళ్ళినాటి మాటలు. అవి వాడికెలా తెలుసు వెర్నా? నేను చెప్పలేదు."

గ్రేటా నా చెయ్యి పట్టుకుంది.

"నాకు భయమేస్తోంది," అంది సైమా. "సంతోషంగా ఉండి, భయమేస్తోంది. ఇక చాలు. వాడి పేరు వాడికిచ్చెయ్యండి. అందరికంటే ముందు నేనే అరుస్తాను."

సైమాని నేను ఆ చలికాలం తరవాత మొదటిసారి కౌగిలించుకున్నాను.

ఆఖరి ఆటకి కొట్టం కిక్కిరిసిపోయింది. మాట ఊరంతా పాకింది, ఒక్క ఆంబ్రోస్‌కి తప్ప. మొదటి రెండు పీరియడ్లూ ఎప్పటిలాగే జరగాలని గ్రేటా అందరికీ గట్టిగా చెప్పింది. మావాళ్ళు గోల్ కొట్టారు, చేప పడింది, అవతలి కీపర్ని జల్లెడ చేశారు. నిమిషం మాటకి "థాంక్యూ, విల్హో!" అన్నారు, రెండుసార్లూ. ఆంబ్రోస్ గొంతు బొంగురుపోయింది గానీ ఎక్కడా తడబడలేదు. మాటకీ మాటకీ మధ్య నీళ్ళు తాగుతున్నాడు. నేను గడియారం వెనక చేతులు నలుపుకుంటూ కూచున్నాను. మైకు కట్టేశాక వాడు చెవి రిక్కించలేదని ఆ రోజు గమనించాను. ఎప్పుడు మానేశాడో, నాకెందుకు తెలియలేదో.

చివరి పీరియడ్. నేను తల ఊపాను. వాడు చెవి తమ్మె లాక్కున్నాడు, మైకు తెరిచాడు.

"ఈ పీరియడ్‌లో ఇంకొక్క నిమిషం మిగిలింది."

గ్రేటా డప్పు మీద ఒక్క దెబ్బ వేసింది.

"థాంక్యూ, ఆంబ్రోస్!"

కొట్టం దూలాలు అదిరాయి. ఒక్కడు కూడా విల్హో అనలేదు, మా ఆయన కూడా. ఆటగాళ్ళు ఆట ఆపేసి కర్రలతో చెక్కగోడల్ని బాదుతున్నారు. మళ్ళీ అన్నారు, మళ్ళీ అన్నారు. సైమా చేతికర్ర వదిలేసి నిలబడింది, నోటికి రెండు చేతులూ అడ్డంపెట్టి మా కేసి తిరిగి అరుస్తోంది. నాకు కళ్ళ నిండా నీళ్ళు, ఎదురుగా ఏమీ కనబడటం లేదు. వాడి వీపు మీద దబదబా చరిచాను.

"విన్నావా? విన్నావా ఆంబ్రోస్?"

వాడు మైకు కట్టేసి నవ్వాడు. పక్కింట్లో పెళ్ళి జరుగుతుంటే చూసి నవ్వుతామే, అలాంటి నవ్వు. కుర్చీలోంచి కొంచెం లేచి, జనంలోకి, పై వరసల దాకా, వెతికినట్టు చూశాడు.

"ఎక్కడ? వచ్చాడా?" అన్నాడు.

"ఎవరు?"

"అదే, ఎవరో ఆంబ్రోస్ అంటున్నారుగా. ఇంతమంది పిలుస్తుంటే లేచి పలకడేం? బిడియస్తుడు కాబోలు, పాపం."

వెనక కిటికీ తలుపు దభాలున తెరుచుకుంది. సైమా విన్నది. చెయ్యి లోపలికి చాపి వాడి చొక్కా పట్టుకుంది. "నిన్నేరా అబ్బాయ్! నిన్నే పిలుస్తున్నారు! ఆంబ్రోస్‌వి నువ్వే! పలుకు, ఒక్కసారి పలుకు!"

వాడు ఆమె మొహం కేసి చాలా ప్రేమగా చూశాడు. తన చొక్కా మీది చేతిని రెండు చేతులతో తీసుకుని నిమిరాడు. తరవాత నా కేసి వంగాడు. ఆమె నొచ్చుకుంటుందని గొంతు బాగా తగ్గించి, ఆ దొర్లే 'ర'కారంతో నన్ను అడిగాడు.

"ఈవిడకి ఏమైంది? సొంత మొగుణ్ణి గుర్తుపట్టడం లేదేం?"